చెట్టును చంపింది పురుగు మోసుకొచ్చిన శిలీంధ్రమేనని రుజువు చేయడం ఎలా?

వనశోధి

అడవి చెట్ల వడలు తెగులు మీద పరిశోధన ప్రణాళిక ఒకటి తయారవుతోంది. పద్ధతుల్లో తప్పులుంటే ఇప్పుడే దిద్దుకోవాలని ఇక్కడ పెడుతున్నాను.

చెట్లలో కనిపిస్తున్నవి: పైకొమ్మల ఆకులు ఒక్కసారిగా వాడి గోధుమరంగుకు తిరుగుతున్నాయి, కానీ రాలడం లేదు. మానుమీద 1 మి.మీ. లోపు బెజ్జాలు. కొన్నిటిలోంచి చెక్కపొట్టు పళ్లపుల్లలా బయటికి పొడుచుకొస్తోంది. బెరడు గీస్తే కింది లేతచెక్కలో నల్లటి చారలు. సొరంగాల గోడలకు తెల్లటి బూజుపొర, వాటిలో చిన్న నల్లటి పెంకుపురుగులు.

అనుకున్న పద్ధతి: పురుగుల్ని పట్టి 70 శాతం ఆల్కహాల్‌లో ముంచి పైన శుభ్రం చేయడం, నలిపి సైక్లోహెక్సిమైడ్ (కొన్ని శిలీంధ్రాల్ని ఆపే మందు) కలిపిన మాల్ట్ అగార్ (శిలీంధ్రాల్ని పెంచే జిగురు మీడియం) ప్లేటు మీద పరచడం, పెరిగిన శిలీంధ్రంలో ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని సీక్వెన్స్ చేయించి పేరు తేల్చడం. అదే శిలీంధ్రం చెక్కలోనూ దొరికితే "ఈ పురుగే రోగవాహకం" అని రాయడం. పురుగులు 20, చెట్లు 5 చాలనుకుంటున్నాం. లోపాలు చెప్పండి.

బెరడుకింద

వనశోధి గారూ, అసలు లోపం మీ చివరి మెట్టులో ఉంది. పురుగులోనూ చెట్టులోనూ ఒకే శిలీంధ్రం దొరకడం కాకతాళీయం కావచ్చు. మీరు వర్ణించినవి ఆంబ్రోసియా పెంకుపురుగులు. ఇవి చెక్క తినవు. సొరంగంలో శిలీంధ్రాన్ని సాగుచేసి దాన్ని మేస్తాయి. కాబట్టి పురుగు ఉన్న చోటల్లా దాని శిలీంధ్రం ఉండి తీరుతుంది. పైగా వీటిలో చాలా జాతుల్ని లాగేది ఒత్తిడికి గురైన చెట్టు విడిచే ఇథనాల్ వాసన. అంటే చెట్టు వేరే కారణంతో చావడం మొదలుపెట్టాక పురుగు వచ్చి ఉండొచ్చు. వేరుకుళ్లు, వరదనీరు, కరువు, మంట తగలడం, వీటిలో ఏది జరిగినా మీరు చూసిన దృశ్యమే కనిపిస్తుంది.

ఎవరు ముందు వచ్చారో తేల్చేది ప్లేటు కాదు, చెట్టులో మీరు నమూనా తీసే చోటు. బెజ్జం దగ్గర అడ్డంగా కోసి చూడండి. నల్లమచ్చ సొరంగం చుట్టూ కొన్ని మి.మీ. మేర మాత్రమే ఉంటే అది పురుగు పెంపకం తాలూకు మచ్చ. దానివల్ల పెద్ద చెట్టు వాడడం కష్టం. బెజ్జాలు లేని భాగంలోనూ, అంటే ఏ సొరంగానికైనా మీటరు పైన, కొమ్మల్లో, వేరు మొదట్లో కూడా, చారలు సాగి ఉంటే శిలీంధ్రం నీటినాళాల వెంట తనంతట తాను పాకిందన్నమాట. లారెల్ కుటుంబం చెట్లను ఎండబెట్టే లారెల్ విల్ట్ రోగం ఈ రెండో రకం. దాన్ని మోసే జైలెబోరస్ గ్లాబ్రేటస్ అనే పురుగు 2002లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్ దగ్గర బోనులో పడింది. తర్వాత అదే కుటుంబపు రెడ్‌బే చెట్లు వరసగా పోయాయి. చెట్టు వాడే వేళకు దానిమీద బెజ్జాలు వేళ్లమీద లెక్కపెట్టేన్నే ఉండొచ్చు. పురుగుల గుంపు వచ్చేది ఆ తర్వాతే. అందుకే "పురుగులు ఎక్కువున్న చెట్టు" చూసి నమూనా తీసేవాళ్లు ఎప్పుడూ ఆలస్యంగానే చేరతారు.

ఐదు చెట్లు చాలవు. కనీసం మూడు వర్గాలు పెట్టుకోండి: ఆరోగ్యంగా ఉన్నవి, ఒకటి రెండు కొమ్మలు మాత్రమే వాడినవి, పూర్తిగా ఎండినవి. ఒక్కో వర్గానికి 10 చెట్లు. మధ్య వర్గమే మీ బంగారం. ఎండిన చెట్టులో ట్రైకోడెర్మా, పెనిసిలియం లాంటి శవభక్షకాలే ప్లేటు నిండా వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న చెట్లను వదిలేస్తే మాత్రం ఏ శిలీంధ్రం దొరికినా అర్థం ఉండదు. రోగం లేకుండా చెక్కలో కాపురముండే శిలీంధ్రాలు బోలెడు.

నమూనా తీసేటప్పుడు ఉలిని, గొడ్డలి అంచును చెట్టుకూ చెట్టుకూ మధ్య 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి మంట చూపించాలి. 15–20 సెం.మీ. ముక్కలు తీసి కాగితంలో చుట్టి, ఆపై ప్లాస్టిక్ సంచిలో వేసి, ఐసుపెట్టెలో పెట్టండి. కాగితం లేకుండా నేరుగా ప్లాస్టిక్‌లో వేస్తే లోపల చెమ్మపట్టి ఒక్కరోజులో బూజెక్కుతుంది. గడ్డకట్టించవద్దు. 48 గంటల్లోపు ప్లేటింగ్ అయిపోవాలి. ఎండలో నిలిపిన బండిలో మధ్యాహ్నమంతా ఉంచిన ముక్క నుంచి ఏమీ రాకపోతే దాన్ని "శిలీంధ్రం లేదు" అని రాయకండి.

వాహకం అని రాయాలంటే జె.జి. లీచ్ 1940లో చెప్పిన నాలుగు షరతులు ఇప్పటికీ కొలబద్ద. పురుగు రోగమున్న చెట్లతో ఎప్పుడూ కలిసి కనిపించాలి. రోగం అంటుకోగల పరిస్థితిలో అది ఆరోగ్యంగా ఉన్న చెట్లమీదికీ వెళ్తుండాలి. సహజంగానే రోగకారకం దాని ఒంట్లోనో ఒంటిమీదో ఉండాలి. అదుపులో ఉన్న ప్రయోగంలో, పోలిక చెట్లు పెట్టి, ఆ పురుగు ద్వారానే రోగం పుట్టించి చూపాలి. మీ ప్రణాళిక మూడోదాన్నే తాకుతోంది.

అగారుప్లేటు

మీడియం సంగతి నేను చెబుతాను, అక్కడో గొయ్యి ఉంది.

సైక్లోహెక్సిమైడ్ జల్లెడలాంటిది. ఆఫియోస్టోమా, లెప్టోగ్రాఫియం, రఫేలియా అనే శిలీంధ్ర వర్గాలు దాన్ని తట్టుకుంటాయి. సెరటోసిస్టిస్, దాని దగ్గరి బంధువులు తట్టుకోలేవు. ఫ్యుజేరియంలు చాలావరకు ఆగిపోతాయి. ఆ ఒక్క మీడియం వాడితే మీకు అక్కరలేనివే కాదు, అసలు హంతకుడు కూడా జల్లెడలో ఆగిపోవచ్చు. యూవాలేసియా ఫోర్నికేటస్ అనే ఆంబ్రోసియా పురుగు మోసేది ఫ్యుజేరియం యూవాలేసియే. మీ ప్లేటులో అది కనిపించే అవకాశం తక్కువ.

ప్రతి నమూనానూ మూడు రకాలుగా వేయండి.

మొదటిది సాదా: మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 20 గ్రా., అగార్ 15–20 గ్రా., నీరు 1 లీటరు, బాక్టీరియాను ఆపే క్లోరాంఫెనికాల్ 100 మి.గ్రా. ఇది వేడిని తట్టుకుంటుంది కాబట్టి ముందే కలిపి ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో శుద్ధి) చేయొచ్చు.

రెండోది జల్లెడ: మాల్ట్ 10 గ్రా., అగార్ 15 గ్రా., సైక్లోహెక్సిమైడ్ 200 మి.గ్రా., స్ట్రెప్టోమైసిన్ 100 మి.గ్రా. ఈ రెండు మందులూ మీడియం 50–55 డిగ్రీలకు చల్లారాకే వేయాలి. సీసా చెంపకు ఆనించుకుంటే ఓర్చుకోగలిగే వేడి అని కొందరు లెక్క చెబుతారు, థర్మామీటరు పెట్టండి. స్ట్రెప్టోమైసిన్ వేడికి పాడవుతుంది. సైక్లోహెక్సిమైడ్‌కు క్షారం పడదు, పీహెచ్ 6 దాటనివ్వకండి. అది మనిషికీ విషమే: తూచేటప్పుడు గ్లోవ్స్, మాస్కు, గాలి రేగని చోటు.

మూడోది క్యారెట్. నవ్వకండి, సెరటోసిస్టిస్‌కు దీన్ని మించిన ఎర లేదు. క్యారెట్‌ను కడిగి, తొక్క తీసి, 5 మి.మీ. బిళ్లలుగా కోసి స్ట్రెప్టోమైసిన్ నీళ్లలో ముంచండి. రెండు బిళ్లల మధ్య మచ్చపడిన చెక్కముక్క పెట్టి దారంతోనో టేపుతోనో కట్టి, తడి కాగితం పరచిన డబ్బాలో 20–25 డిగ్రీల దగ్గర ఉంచండి. 5–10 రోజుల్లో పొడుగు మెడ ఉన్న నల్లటి బుడ్డీలు, మెడ చివర మీగడరంగు బొట్టు కనిపిస్తాయి. ఆ బొట్టును సూదిమొనతో తాకి సాదా ప్లేటు మీద పెడితే శుద్ధమైన కల్చర్ వస్తుంది. చెక్క పెట్టని ఖాళీ క్యారెట్ జత ఒకటి తప్పనిసరి. క్యారెట్ మీద తనంతట తానే ఉండే బెర్క్‌లియోమైసిస్ అనే శిలీంధ్రం కూడా నల్లగా పెరుగుతుంది, చూసి మోసపోతారు.

చెక్కముక్కల తయారీ: బెరడు తీసేయండి. ముక్కను 95 శాతం ఆల్కహాల్‌లో ముంచి ఒక్కసారి మంట తగిలించండి, లేదా 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో 1–2 నిమిషాలు ఉంచి శుద్ధజలంతో రెండుసార్లు కడగండి. తర్వాత పైపొర చెక్కేసి, మచ్చకూ మంచి చెక్కకూ మధ్య అంచు నుంచి 3–5 మి.మీ. పేళ్లు తీయండి. ప్లేటుకు 5 పేళ్లు, చెట్టుకు కనీసం 4 ప్లేట్లు. మచ్చ నడిమధ్య నుంచి తీస్తే పాత కణజాలం, రెండోశ్రేణి బూజులు. అంచులోనే అసలు శిలీంధ్రం చురుగ్గా ఉంటుంది.

అన్నిటినీ 25 డిగ్రీల దగ్గరే ఉంచడం ఇంకో పొరపాటు. మౌంటెన్ పైన్ బీటిల్ అనే బెరడు పురుగు మోసే రెండు శిలీంధ్రాల్లో గ్రాస్మానియా క్లావిజెరా చల్లదనాన్ని, ఆఫియోస్టోమా మాంటియం వేడిని ఇష్టపడతాయి. మీ ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రతే ఫలితాన్ని నిర్ణయిస్తే అది చెట్టు గురించిన ఫలితం కాదు. సగం ప్లేట్లు 15–18 దగ్గర పెట్టండి. 3వ రోజు నుంచి రోజూ చూడండి, వేగంగా పాకే ట్రైకోడెర్మా ఉన్న పేడును వెంటనే కోసి పారేయండి. నిదానంగా పెరిగే వాటికోసం 14 రోజుల దాకా ప్లేట్లు దాచండి.

వనశోధి

ఇద్దరికీ ధన్యవాదాలు. మీడియం మార్చుకుంటున్నాం. మరో రెండు సందేహాలు. గరాటు బోనుల్లో ప్రొపిలీన్ గ్లైకాల్ పోసి రెండు వారాలకోసారి ఖాళీ చేయాలనుకున్నాం, ఆ పురుగులు పనికొస్తాయా? ఐటీఎస్ సరిపోతుందా?

ఆరుకాళ్లు

గ్లైకాల్‌లో రెండు వారాలు నానిన పురుగు పేరు తేల్చడానికి, డీఎన్ఏకు పనికొస్తుంది. బతికున్న శిలీంధ్రం కావాలంటే పనికిరాదు. కల్చర్ కోసమైతే బోను కింది గిన్నె పొడిగా ఉండాలి, అందులో నలిపిన తడి టిష్యూ కాగితం వేయాలి, రోజూ ఉదయాన్నే ఏరాలి. పురుగు ఎండిందంటే శిలీంధ్రాన్ని మోసుకెళ్లేందుకు దాని ఒంట్లో ఉండే సంచి కూడా ఎండినట్టే. ఏరిన వాటిని తడి టిష్యూతో గొట్టాల్లో ఒక్కొక్కటిగా 4 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు ఉంచొచ్చు. ఒకే గొట్టంలో 30 పురుగులు వేస్తే ఒకదాని స్పోర్లు ఇంకోదానికి పూసుకుంటాయి, "అన్నిట్లోనూ దొరికింది" అన్న అందమైన ఫలితం వస్తుంది.

ఎర విషయం. ఇథనాల్ చాలా ఆంబ్రోసియా జాతులకు పనిచేస్తుంది కానీ అన్నిటికీ కాదు. జైలెబోరస్ గ్లాబ్రేటస్‌కు ఇథనాల్ పెద్దగా పట్టదు, అది తన ఆతిథేయి చెట్టు వాసనలో ఉండే ఆల్ఫా-కోపాయీన్ వెంట వస్తుంది. యూవాలేసియా ఫోర్నికేటస్‌కు క్వెర్సివొరాల్ అనే ఎర పెడతారు. ఇథనాల్ బోను ఒక్కటే పెట్టి "ఈ జాతి ఇక్కడ లేదు" అనకూడదు. ఎరతో సంబంధం లేని దారి, చెట్టు దుంగల నుంచే పురుగుల్ని బయటికి రప్పించడం. 30–50 సెం.మీ. దుంగ తీసి, రెండు కొసలకూ మైనం పూసి (లేకపోతే త్వరగా ఎండి పిల్లలు చస్తాయి), చీకటి బకెట్‌లో మూతపెట్టి, పక్కన బెజ్జం చేసి గాజుసీసా బిగించండి. బయటికొచ్చినవి వెలుతురు వైపు నడిచి సీసాలో పడతాయి. దీంతో ఏ పురుగు ఏ చెట్టుదో ఖాయంగా తెలుస్తుంది, బోనులో అది తెలియదు.

ముదురురంగు ఆడవాటినే తీసుకోండి. ఈ తెగలో మగవి ఎగరలేవు, సాధారణంగా సొరంగం వదలవు. లేతగోధుమ రంగులో ఉన్నవి ఇంకా గట్టిపడని పిల్లలు, వాటి సంచి చాలాసార్లు నిండి ఉండదు.

ఇప్పుడు సంచి ఎక్కడుందో తెలుసుకోకుండా "పురుగును నలపడం" మీద. జైలెబోరస్‌లోనూ యూవాలేసియాలోనూ అది నోటిదగ్గర, దవడల మొదట్లో జతగా ఉంటుంది. తల ఒక్కటే వేరుచేసి నలిపితే పేగుల్లో, రెక్కల్లో అంటుకున్న చెత్త రాదు. జైలోసాండ్రస్‌లో అది వీపుమీద, రొమ్ముభాగాల మధ్య ఉంటుంది. అక్కడ తల నలిపి లాభం లేదు. క్రమం: 0.5 మి.లీ. శుద్ధజలంలో ఒక చుక్క ట్వీన్ (సబ్బులాంటి ద్రవం) కలిపి పురుగును 30 సెకన్లు వోర్టెక్స్ యంత్రం మీద గిరగిరా కదిలించండి. ఆ కడుగునీళ్లు పారబోయకండి, విడిగా ప్లేట్ చేయండి. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో 10–15 సెకన్లు, శుద్ధజలంలో మూడుసార్లు. సూక్ష్మదర్శిని కింద తల, రొమ్ము, పొట్ట వేరుచేసి, ఒక్కోదాన్ని 1 మి.లీ.లో నలిపి 10 రెట్లు, 100 రెట్లు పలచన చేసి, ఒక్కో ప్లేటుకు 0.1 మి.లీ. పరచండి. 100 రెట్ల ప్లేటులో 24 కాలనీలు వచ్చాయంటే తలలో సుమారు 24,000. పలచన చేయని దాంట్లో ఒకే కాలనీ వస్తే 10. ఈ రెండు పురుగుల్నీ "ఉంది" అనే ఒకే గడిలో వేస్తే సగం సమాచారం పోయినట్టే. వేలల్లో ఉంటే సంచిలో మోస్తున్నట్టు, పదుల్లో ఉంటే దారిలో అంటుకున్నట్టు అనుమానించాలి.

ఆల్కహాల్ కడుగుడు అన్ని పురుగులకూ మంచిది కాదు. డచ్ ఎల్మ్ రోగాన్ని మోసే స్కోలైటస్ పురుగులకు సంచి లేదు, ఆఫియోస్టోమా స్పోర్లు ఒంటిపైనే అంటుకొని వెళ్తాయి. వాటిని "శుభ్రం" చేస్తే సాక్ష్యాన్నే కడిగేసినట్టు.

20 పురుగుల లెక్క: నిజంగా 5 శాతం పురుగుల్లోనే శిలీంధ్రం ఉంటే, కనీసం ఒకదాన్నైనా పట్టుకునే నమ్మకం 95 శాతం ఉండాలంటే 59 పురుగులు కావాలి. 10 శాతంలో ఉంటే 29. 1 శాతమైతే 299. మీరు 20 చూసి "లేదు" అన్నారంటే 10 శాతాన్ని కూడా తోసిపుచ్చలేరు. 60కి తగ్గకండి, అవీ కనీసం 10 చెట్ల నుంచి. ఒకే దుంగలో పుట్టిన 60 ఆడవి అక్కచెల్లెళ్లు, తల్లి నుంచి అదే శిలీంధ్రం తెచ్చుకుంటాయి. గణాంకాల లెక్కలో అది ఒక్క నమూనానే.

అగారుప్లేటు

ఐటీఎస్ గురించి: ఏ ప్రజాతో తెలియడానికి సరే, జాతి తేల్చడానికి చాలదు. ఫ్యుజేరియంలో దగ్గరి జాతులకు ఐటీఎస్ దాదాపు ఒకటే, టీఈఎఫ్1-ఆల్ఫా, ఆర్‌పీబీ2 అనే జీన్ల సీక్వెన్స్ చేయించాలి. ఆఫియోస్టోమా వర్గంలో బీటా-ట్యూబ్యులిన్ జీన్ కలపండి. రఫేలియా వర్గంలో ఐటీఎస్ పీసీఆరే (ఆ డీఎన్ఏ భాగానికి నకళ్లు తీసే మెట్టే) మొండికేస్తుంది, 28ఎస్, 18ఎస్ జీన్లతో మొదలుపెట్టడం మేలు. డేటాబేస్‌లో 99 శాతం పోలిక చూపిన పేరును అలాగే దించకండి. తప్పుడు పేరుతో ఎక్కించిన సీక్వెన్సులు అక్కడ కొల్లలు. నమూనా కల్చర్ల సీక్వెన్సులతో వంశవృక్షం గీసి ఎక్కడ కూర్చుందో చూడాలి. పేర్లూ మారుతుంటాయి: లారెల్ విల్ట్ శిలీంధ్రం 2008లో రఫేలియా లారికోలాగా వర్ణితమైంది, ఇప్పుడు హారింగ్‌టోనియా లారికోలా. వెతికేటప్పుడు రెండు పేర్లూ వేయండి.

సీక్వెన్స్‌కు పంపే ముందే ప్రతి కల్చర్‌నూ ఒకే స్పోర్ నుంచి పెంచండి. రెండు శిలీంధ్రాలు కలిసిన ప్లేటు పైకి ఒకటిగానే కనిపిస్తుంది.

దాచడం: అగార్ బిళ్లలు 15–20 శాతం గ్లిసరాల్‌లో, మైనస్ 80 దగ్గర. రోజువారీ పనికి 4 డిగ్రీల దగ్గర స్లాంట్లు (గొట్టంలో వాలుగా గడ్డకట్టించిన అగార్). నెలల తరబడి ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోతే రోగం కలిగించే శక్తి తగ్గిపోవచ్చు. ఇనాక్యులేషన్‌కు (మొక్కకు శిలీంధ్రాన్ని ఎక్కించి చూడడానికి) ఎప్పుడూ ఫ్రీజర్‌లోని తొలితరం కల్చర్ తీయండి.

నారుమడి

ఇనాక్యులేషన్ మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఇది లేకుండా మిగతాదంతా పరిచయవాక్యమే.

డచ్ ఎల్మ్ రోగంలో బియా ష్వార్జ్ 1922లోనే శిలీంధ్రాన్ని వేరుచేసి కారణం ఇదేనన్నారు, చాలామంది ఒప్పుకోలేదు. క్రిస్టీన్ బౌస్‌మన్ చెట్లకు ఎక్కించి చూపాక, 1927 నాటికి గానీ వాదన తెగలేదు.

మొక్కలు: కాండం 1.5–2 సెం.మీ. మందం ఉన్న, కుండీలో కనీసం ఆరునెలలు కుదురుకున్న నారు. కొత్తగా కుండీ మార్చిన మొక్క నీటికొరతతోనే వాడుతుంది, దాన్ని మీరు రోగం అనుకుంటారు. వర్గానికి 10 మొక్కలు. వర్గాలు: అనుమానిత శిలీంధ్రం (రెండు వేర్వేరు చెట్ల నుంచి రెండు ఐసోలేట్లు, అంటే వేరుచేసిన కల్చర్లు), మీ చెక్కలో తరచుగా దొరికిన మరో శిలీంధ్రం, శుద్ధజలం ఎక్కించినవి, బెజ్జం కూడా చేయనివి. చివరి రెండిటి మధ్య తేడా ఉంటే గాయమే మొక్కను దెబ్బతీస్తోందని అర్థం.

నాళాల రోగమని అనుమానమైతే 2 మి.మీ. డ్రిల్లుతో నేలకు 10–15 సెం.మీ. ఎత్తున, కిందికి కాస్త వాలుగా, లేతచెక్కలోకి 5 మి.మీ. లోతు బెజ్జం చేయండి. మిల్లీలీటరుకు 10 లక్షల స్పోర్లున్న ద్రవం 50 మైక్రోలీటర్లు పిపెట్‌తో వదలండి. అంటే మొక్కకు 50,000. మొక్కకు నీళ్లు పెట్టి, ఎండ ఉన్న పూటన చేస్తే కాండం ఆ చుక్కను లాక్కుంటుంది. రాత్రిపూట చేస్తే బెజ్జంలోనే నిలిచి కారిపోతుంది. తర్వాత పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టండి. వాలు పైకి ఉంటే ద్రవం బయటికే వస్తుంది, ఈ చిన్న సంగతి వల్ల ఫలితం రాని ప్రయోగాలు తక్కువేం కాదు.

బెరడు పుండ్ల రోగమైతే 5 మి.మీ. కార్క్ బోరర్‌తో బెరడు బిళ్ల తీసి, అంతే సైజు అగార్ బిళ్లను బూజువైపు చెక్కకు ఆనేలా పెట్టి, బెరడు తిరిగి మూసి చుట్టండి. పోలిక మొక్కకు శుభ్రమైన అగార్ బిళ్ల.

కాలం చాలా ముఖ్యం. ఎల్మ్‌లాంటి చెట్లలో కొత్త పెద్దనాళాలు తయారయ్యే పెరుగుదల కాలం మొదట్లో రోగం తీవ్రంగా వస్తుంది, అదే మోతాదు తర్వాత ఎక్కిస్తే ఒకటిరెండు ఆకులు వాడి ఆగిపోవచ్చు. ఒకే తేదీన చేసి "రోగం రాలేదు" అనకుండా రెండు కాలాల్లో చేయండి.

కొలతలు: వారానికోసారి వాడిన ఆకుల శాతం. 8 వారాలకు కాండం కోసి, బెజ్జం నుంచి పైకీ కిందికీ మచ్చ పొడవు, అడ్డంకోతలో మచ్చ పట్టిన వైశాల్యం. కొన్ని మొక్కల కాండాన్ని కోసి 0.1 శాతం ఆసిడ్ ఫుక్సిన్ రంగు పీల్పిస్తే నీరు పారే భాగం ఎర్రబడుతుంది, మూసుకుపోయింది తెల్లగా మిగులుతుంది. బెజ్జానికి 5, 10, 20 సెం.మీ. దూరాల్లో తిరిగి ఐసోలేట్ చేయండి. బెజ్జం దగ్గరే దొరికితే మీరు పెట్టిందే మీకు దొరికినట్టు. దూరంలో దొరికితేనే అది పాకినట్టు.

చివరగా పురుగుతో. ఆరోగ్యంగా ఉన్న మొక్క కాండానికి సన్నటి వల తొడిగి, లోపల బతికున్న ఆడపురుగులు 1, 5, 10 చొప్పున వదలండి. ఖాళీ వల తొడిగిన మొక్కలు, శుద్ధసూదితో బెజ్జం చేసిన మొక్కలు పోలికకు. పురుగు బెజ్జం పెట్టి వదిలేసినా లెక్కలోకి తీసుకోండి. సంతానం నిలవకపోయినా రోగం అంటడానికి ఆ ఒక్క ప్రయత్నం చాలొచ్చు.

నీలిచెక్క

నారుమడి గారి పద్ధతి నాళాల రోగానికి సరే. కానీ దాన్నే సూదిమొన చెట్ల బెరడు పురుగులకు దించకూడదు. పైన్, స్ప్రూస్ చెట్లు శుభ్రమైన గాయానికే రెసిన్ నింపి నల్లటి పుండు కడతాయి. అక్కడ పుండు పొడవు శిలీంధ్రం బలాన్నే కాదు, చెట్టు ఎదురుదెబ్బను కూడా చూపిస్తుంది. పొడవు ఎక్కువుంటే "ఎక్కువ ప్రమాదకరం" అని రాసిన పట్టికల్ని నేనైతే నమ్మను. పైగా ఒక్క బెజ్జంతో పెద్ద స్ప్రూస్ చావదు. చదరపు మీటరుకు వందల చోట్ల ఎక్కిస్తే తప్ప దాని రక్షణ కూలదు. పురుగుల గుంపుదాడి అంటే అదే.

అసలు బెరడు పురుగులు తెచ్చే నీలిమచ్చ శిలీంధ్రాలే (చెక్కను నీలంగా మార్చేవి) చెట్టును చంపుతున్నాయా అన్నదీ తేలని మాట. డయానా సిక్స్, మైకేల్ వింగ్‌ఫీల్డ్ అనే పరిశోధకులు 2011లో ఆ పాత నమ్మకాన్నే ప్రశ్నించారు. పురుగు పిల్లలకు పోషణనివ్వడమే శిలీంధ్రం ప్రధాన పాత్ర కావచ్చని వాదన. వాల్‌నట్ చెట్లకు వచ్చే థౌజండ్ కాంకర్స్ రోగంలో ఇంకో తిరకాసు: జియోస్మిథియా మోర్బిడా శిలీంధ్రం చేసే ఒక్కో పుండు చిన్నదే, వేలకొద్దీ పుండ్లు కలిసిపోయాకే నల్ల వాల్‌నట్ కొమ్మ చస్తుంది. ఒక్క ఇనాక్యులేషన్ చేసి "బలహీన రోగకారకం" అంటే తప్పు రాసినట్టే. మోతాదును ఒక చరాంకంగా పెట్టండి: కాండం చుట్టూ 1, 8, 32 చోట్ల.

నారుమడి

ఒప్పుకుంటున్నాను, సూదిమొన చెట్లు నా మనసులో లేవు. మోతాదు మెట్లు వెడల్పాకు చెట్లకూ పెట్టాలి. పురుగు ఒక్కటి ఎన్ని స్పోర్లు తెస్తుందో ఆరుకాళ్లు గారి లెక్క వచ్చాక, ఇనాక్యులేషన్ మోతాదుల్లో ఒకటి దానికి సమానంగా ఉండాలి. పురుగు 500 తెస్తుంటే మీరు 50,000 ఎక్కించి చంపిన మొక్క ఏమీ రుజువు చేయదు.

ఆరుకాళ్లు

రెండు మాటలు మిగిలాయి. పురుగుల మీద సవారీ చేసే నల్లుల్లాంటి మైట్లు కూడా శిలీంధ్రాన్ని మోస్తాయి. సదరన్ పైన్ బీటిల్ విషయంలో ఆఫియోస్టోమా మైనస్‌ను టార్సోనీమస్ మైట్లు తమ సొంత సంచుల్లో మోస్తాయి. పురుగును నలిపే ముందు రెక్కల కింద చూసి మైట్లు ఏరి విడిగా ప్లేట్ చేయకపోతే వాటి సరుకు పురుగు ఖాతాలో పడుతుంది. ప్లేటు మీద బాక్టీరియా చుక్కలు అడుగుజాడల్లా వరసగా కనిపిస్తే మైటు తిరిగిందని గుర్తు. ఆ ప్లేటును హుడ్‌లో (శుద్ధమైన గాలి వీచే పనిపెట్టెలో) తెరవకుండా సంచిలో వేసి ఆటోక్లేవ్‌కు పంపండి, పక్క ప్లేట్లకు పారాఫిల్మ్ రెండు వరసలు చుట్టండి.

పని అయ్యాక దుంగలు, చచ్చిన మొక్కలు చెత్తకుప్పలో వేయడానికి లేదు. ఒకే ఆడపురుగు బయటపడినా కొత్త కాలనీ పెట్టగలదు, మగతోడు లేకున్నా కొడుకుల్ని కని వాటితో జతకడుతుంది. చిన్న ముక్కల్ని 121 డిగ్రీల దగ్గర ఒక గంట ఆటోక్లేవ్ చేయండి. మీడియంకు సరిపోయే 15–20 నిమిషాలు చెక్క లోపలికి చేరవు. పెద్ద దుంగలకైతే చెక్క ప్యాకింగ్ సామాను కోసం పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌పీఎం 15 చెప్పే 56 డిగ్రీలు, 30 నిమిషాలు, అదీ దుంగ నడిమధ్య కొలిచినప్పుడు. కొలిచేందుకు దుంగ మధ్యదాకా బెజ్జం చేసి థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) దింపి, బెజ్జం మూతి మూసేయండి. తెరిచి ఉంచితే వేడిగాలి దూరి లోపలి ఉష్ణోగ్రత ఎక్కువగా చూపిస్తుంది.